ఇంటి సర్వర్‌కు ఆఫీసు అపోహలు

1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. 2022లో, మళ్లీ నవంబర్‌లోనే, అమెజాన్ క్లౌడ్ విభాగం ఏడబ్ల్యూఎస్ తన హైదరాబాద్ రీజియన్‌ను తెరిచింది. ఈ రెండింటి మధ్య మన ఊళ్లో కొత్త వృత్తి ఒకటి స్థిరపడింది: ఎక్కడో ఉన్న బ్యాంకుల, ఆస్పత్రుల, విమాన సంస్థల డేటాను ఇక్కడ నైట్ షిఫ్టులో కూర్చుని కాపాడే ఉద్యోగం. స్టోరేజ్ అడ్మిన్, వీఎంవేర్ అడ్మిన్, బ్యాకప్ అడ్మిన్... అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఈ కోర్సుల బోర్డులు కనపడని సందు లేదు. తీరా ఆ అడ్మిన్ల ఇళ్లలో పెళ్లి వీడియో, పిల్లల ఫొటోలు, ఫ్లాట్ రిజిస్ట్రేషన్ స్కాన్లు ఒకే ఫోన్‌లోనో, ఒకే పాత ఎక్స్‌టర్నల్ డిస్కులోనో ఉంటాయి. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితి తొట్టిలో పడ్డట్టు.

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత స్టోరేజ్ ఆపేశాక చాలామందికి ఈ సంగతి గుర్తొచ్చింది. కొండాపూర్, నల్లగండ్ల, మణికొండ ఫ్లాట్లలో షూ ర్యాక్ పక్కన ఒక చిన్న పెట్టె వెలిసింది. ఆ పెట్టెలో ప్రాక్స్‌మాక్స్ అనే హైపర్‌వైజర్. దాని మీద ఒక వర్చువల్ మెషీన్‌లో, అంటే వీఎంలో, ట్రూన్యాస్ లేదా ఓపెన్‌మీడియావాల్ట్ అనే న్యాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) సాఫ్ట్‌వేర్. పక్కనే ఇంకో రెండు చిన్న కంటైనర్లు, ఒకటి ఫొటోలకు, ఇంకొకటి సినిమాలకు. ఆలోచన మంచిదే. చిక్కేమిటంటే, దీన్ని కట్టేవాళ్లలో చాలామంది ఆఫీసు అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఇంటికి తెచ్చేస్తారు. ఆఫీసులో కరెంటు, చల్లదనం, బ్యాకప్, సెక్యూరిటీ వేరే టీమ్‌లు చూసుకుంటాయి. ఇంట్లో ఆ టీమ్‌లు ఉండవు. కింద రాసిన అపోహల్లో చాలావాటి మూలం అదే.

అపోహ: డేటా సెంటర్లన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి, ఇక ఇంట్లో సర్వర్ దేనికి?

ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ అద్దెకు తీసుకుని వాడే సంస్థల కోసం. మీ ఫోన్ ఫొటోలు వెళ్లే గూగుల్, యాపిల్ ఖాతాలకు దానితో పని లేదు. ఆ ఖాతాల డేటా ఏ దేశంలో ఉండాలో మామూలు వినియోగదారుడు ఎంచుకోలేడు కూడా. పైగా క్లౌడ్‌లో ఉన్నది సింక్, బ్యాకప్ కాదు. ఫోన్‌లో పిల్లాడు గూగుల్ ఫొటోస్ తెరిచి కొన్ని ఫొటోలు చెరిపేస్తే క్లౌడ్‌లోనూ చెరిగిపోతాయి. బ్యాకప్ అయిన ఫొటో బిన్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత ఉండదు. సంక్రాంతికి తీసిన ఫొటోలు ఉగాదికి వెతికితే అప్పటికే గడువు దాటి ఉండొచ్చు.

అలాగని క్లౌడ్‌ను వదిలేయమని కాదు. అది ఒక కాపీ. అదొక్కటే కాపీ కాకూడదు, అంతే.

అపోహ: సర్వర్ అంటే అసలైన సర్వరే కొనాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే మనందరి నోట సీటీసీకి, వెళ్తే పాత ర్యాక్ సర్వర్లు చవగ్గా కనబడి మనసు లాగుతాయి. రెండు ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్, ఎనిమిది డిస్కు స్లాట్లు. కొనడం తేలికే, భరించడమే కష్టం. అలాంటి పెట్టె ఖాళీగా ఉన్నా 180 వాట్లు లాగితే నెలకు దాదాపు 130 యూనిట్లు. వేసవిలో ఏసీలతో 300 యూనిట్లు దాటిన ఇంటికి పైన పడే ప్రతి యూనిట్ తొమ్మిది రూపాయలు, ఆ పైన. అంటే నెలకు 1,170 రూపాయల కరెంటు. ఫ్యాన్ల మోతకు ఇంట్లో వాళ్లు అనే మాటలు అదనం. అదే పని చేసే పాత ఆఫీసు డెస్క్‌టాప్ 30 వాట్లతో నడిస్తే 22 యూనిట్లు కూడా కావు, 200 రూపాయల లోపే.

ఐటీ కంపెనీలు లీజు ముగిశాక వదిలించుకునే డెస్క్‌టాప్‌లు సీటీసీలో బోలెడు. కానీ కొనే ముందు ఒకటి చూడాలి. అరచేతి వెడల్పు మైక్రో మోడళ్లు ముచ్చటగా ఉంటాయి కానీ వాటిలో 2.5 అంగుళాల డిస్కు ఒక్కటే పడుతుంది. స్టోరేజ్‌కు కావలసినవి 3.5 అంగుళాల పెద్ద డిస్కులు, కనీసం రెండు. యూఎస్‌బీ పెట్టెలో పెట్టి తగిలిస్తే ఎలాగోలా నడుస్తుంది, కానీ లోడ్ పడ్డప్పుడు యూఎస్‌బీ కనెక్షన్ తెగి డిస్కు మాయమవడం మామూలే. అందుకని టవర్ మోడల్ తీసుకోండి. హైపర్‌వైజర్ కోసం మదర్‌బోర్డు మీద ఎన్‌వీఎంఈ స్లాట్ ఉందో లేదో కూడా చూడండి. ఆ స్లాట్ ఎందుకంత ముఖ్యమో కింద వస్తుంది.

పాత పెట్టె పరవాలేదు, పాత డిస్కు మాత్రం వద్దు. తప్పదంటే షాపులోనే డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు తీయించండి. తొమ్మిదో నంబరున్న వరుసలో పవర్ ఆన్ గంటలుంటాయి. ఐదేళ్లు ఆగకుండా తిరిగిన డిస్కుకు అక్కడ 43,800 చుట్టూ కనిపిస్తుంది. ఐదు, 197 నంబర్ల వరుసల్లో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ డిస్కు బల్ల మీదే వదిలేసి రండి. గంటల అంకెను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. 2025 మొదట్లో జర్మనీలో, వాడేసిన సీగేట్ డిస్కుల స్మార్ట్ గంటలను సున్నా చేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. డిస్కు లోపల విడిగా ఉండే ఫార్మ్ లాగ్‌లో మాత్రం అసలు గంటలు అలాగే ఉండటంతో దొరికిపోయారు.

నెట్‌వర్క్ గురించి ఒక్క మాట. పది గిగాబిట్ కార్డులు, స్విచ్‌లు ఇంటికి కొనడం గోరుతో పోయేదానికి గొడ్డలి వాడటమే. ఒక గిగాబిట్ అంటే సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది. నాలుగు గోడల మధ్య ఫొటోలు, సినిమాలకు అది చాలు.

అపోహ: న్యాస్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టకూడదు. దీని తమ్ముడు: ఏముందన్నా, ఒక వర్చువల్ డిస్కు ఇచ్చేస్తే సరి

రెండూ తప్పే. ఈ విషయం దగ్గరే ఇళ్లలో డేటా ఎక్కువగా పోతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ట్రూన్యాస్ వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టింది. 2005లో ఓపెన్‌సోలారిస్‌తో బయటికొచ్చింది. ప్రతి బ్లాకుకు చెక్‌సమ్ రాసుకుని, చదివినప్పుడల్లా సరిచూసుకుని, తేడా వస్తే రెండో డిస్కు నుంచి దిద్దుకోవడం దాని గొప్ప. ఆ గొప్ప పనిచేయాలంటే దానికి అసలు డిస్కులు నేరుగా కనిపించాలి. హైపర్‌వైజర్ మీద ఒక పెద్ద వర్చువల్ డిస్కు ఫైలు సృష్టించి ఇస్తే, లోపలి వీఎంకు డిస్కు వేడి తెలియదు, స్మార్ట్ రిపోర్టు అందదు, ఏది పాడవుతోందో అర్థం కాదు. ఆ ఫైలు ఉన్న చోట కూడా జెడ్‌ఎఫ్‌ఎసే ఉంటే ఒకే రాతను రెండు అంతస్తుల్లో రెండుసార్లు రాయడం జరుగుతుంది. ఇక వర్చువల్ డిస్కు క్యాష్‌ను "రైట్ బ్యాక్, అన్‌సేఫ్" మీద పెట్టారనుకోండి, వేగం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కరెంటు పోయిన రోజు అందులో అన్‌సేఫ్ అన్న మాటకు అర్థం తెలుస్తుంది.

సరైన పద్ధతి కంట్రోలర్‌నే వీఎంకు అప్పగించడం. ప్రాసెసర్, మదర్‌బోర్డు ఇంటెల్ వీటీ-డీని గానీ ఏఎండీ-వీఐని గానీ ఇచ్చేవై ఉండాలి. బయాస్‌లో దాన్ని ఆన్ చేసి, సాటా కంట్రోలర్ విడిగా ఒక ఐఓఎంఎంయూ గ్రూపులో ఉందేమో చూసి, మొత్తంగా ట్రూన్యాస్ వీఎంకు ఇచ్చేయాలి. లేదా విడిగా ఒక హెచ్‌బీఏ కార్డు కొని, దాన్ని ఐటీ మోడ్‌లో ఇవ్వాలి. రెయిడ్ కార్డు పనికిరాదు, అది డిస్కులను దాచేస్తుంది. ఇందాకటి ఎన్‌వీఎంఈ స్లాట్ అవసరం ఇప్పుడు అర్థమై ఉంటుంది. ప్రాక్స్‌మాక్స్ ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా అదే సాటా కంట్రోలర్‌కు తగిలి ఉంటే, కంట్రోలర్‌ను అప్పగించిన క్షణం హైపర్‌వైజర్ కాళ్ల కింద నేల పోయినట్టే.

కంట్రోలర్ కుదరక ఒక్కో డిస్కును సీరియల్ నంబర్ పేరుతో వీఎంకు ఇచ్చేవాళ్లున్నారు. అది నడుస్తుంది, కానీ స్మార్ట్ రాదు. ఇంకో ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. ప్రాక్స్‌మాక్స్‌కూ జెడ్‌ఎఫ్‌ఎస్ తెలుసు. రీబూట్‌లో అది ఆ డిస్కుల మీది పూల్‌ను చూసి తనదనుకుని తెరిచి, అదే సమయంలో వీఎం కూడా తెరిస్తే, ఇద్దరూ ఒకే పూల్ మీద రాస్తారు. ఆ తర్వాత దాన్ని బాగుచేసే కమాండ్ లేదు.

మరో చిన్న ఉచ్చు. కరెంటు పోయి వచ్చాక పెట్టె తనంతట తాను లేస్తుంది. ఫొటోల కంటైనర్ చకచకా లేస్తుంది, ట్రూన్యాస్ వీఎం తీరిగ్గా లేస్తుంది. అప్పటికి న్యాస్ ఫోల్డర్ మౌంట్ కాలేదు. అది ఖాళీ ఫోల్డరని ఆ కంటైనర్‌కు తెలియదు. ఫోన్ నుంచి వచ్చిన ఫొటోలన్నీ అక్కడే, అంటే చిన్న ఎస్‌ఎస్‌డీ మీదే, రాసేస్తుంది. అది నిండి అన్నీ ఆగిపోతాయి. ప్రాక్స్‌మాక్స్‌లో స్టార్ట్ ఆర్డర్, డిలే అని రెండు గడులున్నాయి. న్యాస్‌కు ఒకటి, మిగతావాటికి రెండు, మధ్యలో రెండు నిమిషాల వ్యవధి ఇస్తే పోతుంది.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. రెండు డిస్కుల ఇంటికి న్యాస్ వీఎమ్మే అక్కర్లేదు. డిస్కులను ప్రాక్స్‌మాక్స్ చేతిలోనే ఉంచి, దాని మీదే జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ కట్టి, ఒక చిన్న కంటైనర్‌లో సాంబా పెట్టి ఫోల్డర్ షేర్ చేస్తే చాలు. అందమైన వెబ్ పేజీ ఉండదు, కానీ పాడవడానికి ఒక అంతస్తు తగ్గుతుంది. వీఎంవేర్ తెలుసు కదా అని ఈఎస్‌ఎక్స్‌ఐ మీద కట్టిన వాళ్ల సంగతి గుర్తుందిగా: బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో వీఎంవేర్‌ను కొంది, 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ ఆపేసింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది. రేపు ఏం చేస్తుందో దాని ఇష్టం. ఇంటికి లినక్స్ మీద నడిచేదే మేలు.

అపోహ: టీబీకి ఒక జీబీ ర్యామ్, అదీ ఈసీసీ లేకపోతే జెడ్‌ఎఫ్‌ఎస్ వద్దు

జెడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ ర్యామ్‌ను క్యాష్‌గా వాడుకుంటుంది, అడిగితే వదులుతుంది. ఎక్కువ ర్యామ్ ఉంటే వేగం, తక్కువుంటే నిదానం, అంతే తేడా. నిజంగా ర్యామ్ మింగేది డీడూప్లికేషన్. ఇంట్లో దాన్ని ఆన్ చేయకండి. ట్రూన్యాస్ అడిగే కనీసం 8 జీబీ. వీఎంలో నడిపేటప్పుడు ఒక తేడా ఉంది: కంట్రోలర్ అప్పగించిన వీఎంకు ఇచ్చిన ర్యామ్ మొత్తం దానికే కట్టుబడిపోతుంది, వేరేవాటితో పంచుకోదు. కాబట్టి పెట్టెలో 16 జీబీ అయినా ఉండాలి. ఈసీసీ మంచిదే. అది లేకపోతే జెడ్‌ఎఫ్‌ఎస్ మిగతా ఫైల్ సిస్టమ్‌ల కంటే ఎక్కువ నష్టం చేస్తుందన్నది మాత్రం పుకారు. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసినవాళ్లలో ఒకరైన మాథ్యూ ఆరెన్స్ ఈ మాట బాహాటంగానే చెప్పారు.

ర్యామ్ గురించి గంటలు వాదించేవాళ్లు డిస్కు రకం అడగరు, నా బాధ అది. పలకల మీద ట్రాకులను ఒకదాని అంచు మీద ఇంకొకటి రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్‌కు పడవు. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టినప్పుడు అవి రోజుల తరబడి ఈడుస్తాయి. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన న్యాస్ డిస్కులు రెడ్‌లో కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆరే అని ఒప్పుకోవాల్సి వచ్చింది. బిల్లు వేయించే ముందు మోడల్ నంబర్‌తో అది ఎస్‌ఎంఆర్ కాదని, సీఎంఆరేనని చూసుకోండి.

అపోహ: రెండు డిస్కులు మిర్రర్‌లో ఉన్నాయి, స్నాప్‌షాట్లు ఉన్నాయి, ఇంకేం కావాలి?

ఆఫీసులో బ్యాకప్ అడ్మినే ఇంట్లో ఈ మాట అంటాడు. 1988లో బర్కిలీ వాళ్లు పేపర్ రాసిన రెయిడ్‌లో మిర్రర్ ఉన్నది డిస్కు చెడినా పని ఆగకుండా ఉండటానికి. చెరిపేసిన ఫైలును మిర్రర్ రెండు డిస్కుల్లోనూ అంతే నమ్మకంగా చెరిపేస్తుంది. స్నాప్‌షాట్లు అంతకంటే చాలా మేలు. రాన్సమ్‌వేర్ షేర్ ఫోల్డర్‌ను పాడుచేసినా నిన్నటి స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లొచ్చు. కానీ పిడుగు పడి పవర్ సప్లై రెండు డిస్కులనూ తీసుకుపోతే స్నాప్‌షాట్ కూడా వాటితోనే పోతుంది.

వర్చువలైజేషన్ ఇక్కడ ఇంకో భ్రమ కలిగిస్తుంది. ప్రాక్స్‌మాక్స్‌లో రోజూ రాత్రి ట్రూన్యాస్ వీఎం బ్యాకప్ పచ్చ టిక్కుతో పూర్తవుతుంది. అందులో ఉన్నది వీఎం ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే. అప్పగించిన కంట్రోలర్ వెనక ఉన్న డిస్కుల్లోని ఒక్క ఫొటో కూడా అందులో ఉండదు. ఇంకా విచిత్రం, ఆ బ్యాకప్‌లను దాచే చోటుగా అదే ట్రూన్యాస్ షేర్‌ను పెడతారు. పెట్టె పోతే తాళం, తాళంచెవి రెండూ లోపలే.

అపోహ: మా గేటెడ్ కమ్యూనిటీలో జనరేటర్ బ్యాకప్ ఉంది

ఉంది. కరెంటు పోయిన క్షణానికీ, కింద జనరేటర్ అందుకునే క్షణానికీ మధ్య కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాసేపట్లో ఫ్యాన్ రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, మనకు కరెంటు పోయినట్టే అనిపించదు. సర్వర్ మాత్రం అప్పటికే పడిపోయింది. ఇన్వర్టర్ కూడా అన్నిసార్లూ ఆదుకోదు. యూపీఎస్ మోడ్‌లో అది మారడానికి 10 నుంచి 20 మిల్లీసెకన్లు పట్టొచ్చు. మామూలు కంప్యూటర్ పవర్ సప్లై ఓపిక పట్టేది 16 మిల్లీసెకన్ల చుట్టూ. ఒకసారి దాటుతుంది, ఇంకోసారి దాటదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ దీన్ని చాలావరకు తట్టుకుంటుంది, చివరి ఐదు సెకన్ల రాతలు పోతాయంతే. వీఎంలలో నడిచే డేటాబేస్‌లకు అంత ఓపిక ఉండదు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, దాని యూఎస్‌బీ తీగను సర్వర్‌కు తగిలించి, నట్ అనే ప్రోగ్రామ్‌తో బ్యాటరీ తగ్గగానే వీఎంలను వరసగా ఆపించండి. తీగ తగిలించకుండా యూపీఎస్ వాడేవాళ్లే ఎక్కువ. అప్పుడు సర్వర్ పది నిమిషాలు ఆలస్యంగా పడిపోతుంది, అంతే తేడా.

ఇక పెట్టె ఎక్కడ పెట్టాలి? యుటిలిటీ బాల్కనీలో వద్దు, అటక మీద వద్దు. మామూలు డిస్కులకు తయారీదారులు రాసే గరిష్ఠ వేడి 60 డిగ్రీలు. మే నెలలో బయట 42 ఉన్నప్పుడు మూసిన కప్‌బోర్డులో ఆ గీత దగ్గరపడుతుంది. కోకాపేట, తెల్లాపూర్ వైపు నిర్మాణాల దుమ్ము ఫ్యాన్ జాలీని ఎంత త్వరగా మూసేస్తుందో అక్కడ కాపురముండేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అపోహ: పోర్ట్ ఫార్వర్డ్ చేస్తే ఆఫీసు నుంచి ఇంటి సర్వర్ చూసుకోవచ్చు

మొదట అది చాలా ఇళ్లలో కుదరదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. మీ అపార్ట్‌మెంట్ అంతటికీ, బహుశా మీ వీధి అంతటికీ, బయటికి కనిపించే చిరునామా ఒకటే. రెండోది, కుదిరినా చేయకండి. 2022 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూన్యాప్ పెట్టెలను డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ తాళం వేసి, ఒక్కొక్కరినీ 0.03 బిట్‌కాయిన్ అడిగింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ పెట్టెలు రాత్రికి రాత్రి ఖాళీ అయిపోయాయి. వైర్‌గార్డ్ పెట్టుకుంటే దాని ఒక్క పోర్టు తెరిస్తే చాలు, దాని మీదే నడిచే టెయిల్‌స్కేల్ పెట్టుకుంటే ఏ పోర్టూ తెరవక్కర్లేదు. టెయిల్‌స్కేల్‌కు సీజీన్యాట్ కూడా అడ్డు కాదు.

అపోహ: ఇంకో కాపీ ఊళ్లో అమ్మానాన్నల దగ్గర పెట్టా, ఇక భద్రం

ఈ అపోహలో సగం నిజం ఉంది, ఆ సగం చాలా గొప్పది. ఇంకో ఊళ్లో కాపీ ఉండటం కంటే మంచి రక్షణ ఇంటి సర్వర్‌కు లేదు. మన ఐటీ కారిడార్ జనంలో చాలామందికి ఊళ్లో ఇల్లు, ఆ ఇంట్లో ఫైబర్ కనెక్షన్ రెండూ ఉన్నాయి. కానీ ఎక్కడ పెట్టారన్నది చూడాలి. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, మున్నేరు పొంగి ఖమ్మం, ఒకే రోజుల్లో నీళ్లలో ఉన్నాయి. టీవీ స్టాండ్ కింద అరలో పెట్టిన డిస్కు ముందు మునుగుతుంది. పై అంతస్తులో, బీరువా మీద పెట్టించండి.

మొదటి కాపీని నెట్ మీద పంపాలని చూడకండి. రెండు టీబీలు 100 ఎంబీపీఎస్ మీద, ఒక్క క్షణం తగ్గకుండా వెళ్లినా 44 గంటలు. ఇంట్లోనే నింపి, ఎన్‌క్రిప్ట్ చేసి, పండక్కి వెళ్లేటప్పుడు బ్యాగులో పట్టుకెళ్లండి. ఆ తర్వాత రోజూ మారినవి మాత్రమే వెళ్తాయి.

చివరిగా ఒకటి. ఈ పెట్టె నడిపే మనిషి ఆరు నెలలు ఆన్‌సైట్ వెళ్తే ఇంట్లో దాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఎలా ఆపాలి, ఎలా లేపాలి, ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఏమిటి, ఊళ్లో కాపీ ఏ గదిలో ఉంది, ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి, ఫ్లాట్ కాగితాల ఫైల్లో పెట్టి, ఇంట్లో వాళ్లకు చూపించండి. వచ్చే ఆదివారం వీలు చూసుకుని, ఊళ్లోని కాపీ నుంచి రెండేళ్ల కిందటి ఫొటో ఒకటి వెనక్కి తెప్పించి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే మీకింకా బ్యాకప్ లేదు.